సగం మాట

డిసెంబరు మొదట్లో మూడు రోజుల ముసురు.
మన్నేరు కట్ట తెగలేదు గానీ
గుడ్లూరు అవతల మా పెదనాన్న నల్లరేగడి
మోకాటి లోతు నీళ్ళలో నిలబడింది.
నలభై రోజుల పొగాకు.
ఆకు మాత్రం నిటారుగా, పచ్చగా,
ఏమీ జరగనట్టే ఉంది.

"వాన చంపదు పాపా," అన్నాడు మాలకొండయ్య పెదనాన్న
తడిసి వెలగని బీడీని చెవిమీద పెట్టుకుని.
"వాన తర్వాత కాసే ఎండ చంపుద్ది."

నాలుగోనాడు కాసింది.
పది గంటలకల్లా చేనంతా
వినకూడని కబురు విన్న మనుషుల్లా
భుజాలు జార్చేసింది.
కింద నీళ్ళు. పైన దాహం.

నెల్లూరులో ఎమ్మెస్సీ చదువుతున్న నాకు
ఇది పరీక్షలో ఆరు మార్కుల ప్రశ్న.
గట్టుమీద బురదలో కాళ్ళు పెట్టుకుని చెప్పాను:
ఊపిరాడని వేరు ఒకటి తయారుచేస్తుంది, దాని పేరు ఏసీసీ.
"సిమెంటా?" అన్నాడు.
నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

సిమెంటు కాదు పెదనాన్నా,
మూడు కార్బన్లు మూడురాళ్ళ పొయ్యిలా
దగ్గర దగ్గరగా ముడుచుకున్న నలుసు.
అంటుకోవాలంటే గాలి కావాలి.
నీళ్ళ కింద గాలి ఎక్కడిది?
వేరు పొయ్యి పేరుస్తుంది, వెలిగించలేదు.
చల్లటి రాళ్ళనే కాండం వెంట పైకి పంపిస్తుంది.
ఆకుల్లో గాలి ఉంటుంది. అక్కడ రాజుకుంటుంది.
కావలి కొట్లలో అరటి గెలల్ని పండేసే ఇథిలీనే
ఇక్కడ తొడిమ పట్టుకుని
వంగు, అంటుంది.

ఆయన ఒక మొక్క పీకాడు.
వేరు గోధుమరంగుకి తిరిగింది, కుళ్ళు వాసన.
చాలాసేపు దాన్ని తిప్పి తిప్పి చూసి
"అయితే ఆకుకి తెలుసన్నమాట" అన్నాడు.
ఏం తెలుసని నేను అడగలేదు.

చెప్పకుండా దాచుకున్నది ఒకటి నాకూ ఉంది.
ఆ నలుసే మన తలలోనూ ఒక చోట కుదురుతుంది.
బ్యాంకు ఇనప్పెట్టెకి రెండు తాళాలున్నట్టు,
ఒకటి మేనేజరు దగ్గర, ఒకటి క్యాషియరు దగ్గర,
జ్ఞాపకం తలుపుకీ రెండు తాళంచెవులు కావాలి.
రెండోది గ్లైసిన్‌ది.
ఈ పొలం నలుసు దాని బదులు దూరి తిరుగుతుంది,
కానీ పూర్తిగా కాదు.
తలుపు చెయ్యి పట్టేంత తెరుచుకుని ఆగిపోతుంది.
ఎందుకు మేడం అంటే
ఆకారం కలిసింది, అంతే, అన్నారు మా మేడం.
వేరుకి మెదడు లేదు. మెదడుకి మడి లేదు.
ఈ రెంటికీ ఒకే తాళంచెవి ఎవరు కోశారో
నోట్సులో రాసుకోలేదు.

రాత్రి కంచం ముందు
కౌలు, ఎరువుల బాకీ, బ్యారన్‌కి కొన్న కట్టెలు
అన్నీ వేళ్ళ మీద లెక్కపెట్టి
ఒక వేలు దగ్గర ఆగాడు.
పెద్దమ్మ నాంతాడు ఆగస్టులోనే
ఇద్దరూ కలిసెళ్ళి కందుకూరులో పెట్టొచ్చారు.
అది కాదు.
"వెంగమ్మా, కమ్మలు..."

గొంతులో ఎక్కడో నీళ్ళు నిండినట్టు
అక్కడికే ఆగింది.

పెద్దమ్మ పప్పు గరిటె ఎత్తింది.
"బ్యాంకులో ఉన్నయ్.
దీపావళి కాణ్ణించి నాకు తెలుసులే.
బీరువాలో ఖాళీ డబ్బా పెట్టి తాళమేస్తే
బరువు తెలవదా ఏంది? అన్నం తిను."

ఆయన తల వంచాడు.
తిన్నాడో లేదో నేను చూడలేదు.

తెల్లారి పార తీసుకుని చేలో కాలవ తీశాడు.
సాయంత్రానికి పై ఆకులు కాసిని లేచాయి,
అడుగాకులు లేవలేదు, పసుపెక్కాయి,
బ్యారన్లో కాల్చకుండానే.
ఎకరానికి ఎన్ని బతికాయో లెక్క రేపు.

గడపలో కూర్చుని చెవిమీది బీడీ తీసి చూశాడు.
ఆరింది.
"అగ్గిపెట్టె యాడుందే?"

"పొయ్యికాడుంది. పోయి తెచ్చుకో."